మరమరాల డబ్బాలో ఫోను

తడిసిన ఫోను మీద మొదటి హక్కు యజమానిది, రెండో హక్కు వీధిలోని మగవాళ్లందరిదీ. కలకత్తాలో ఇది ఎక్కడా రాసి లేని చట్టం.

ఫోను నా భార్య సుచరితది. అందులో ఆమె పాట ఉంది. రేడియో పోటీకి ఆ రోజు చీకటి పడేలోగా పంపాలి. ముందురోజు పాడింది. తెల్లారేసరికి వానగాలికి గొంతు బొంగురుపోయింది కనుక మళ్లీ పాడే వీలు లేదు. పంపడం సాంకేతిక విషయం కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకున్నాను. (మా ఇంట్లో సాంకేతిక విభాగం నేనే.) ఎలా పంపాలో మేనల్లుణ్ణి అడగడానికి ఫోన్ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో బకెట్లోని బతికున్న చేపను పట్టబోయాను. చేప జారింది. ఫోను చేపల్లో చేరింది.

తడిసిన ఫోన్ను ఆన్ చేయకూడదన్నది మొదటి నియమం. అది నాకు తెలుసు. ఆఫ్ అయిందో లేదో చూడటానికి మాత్రమే ఆన్ చేశాను. (పలుమార్లు.) తెర నల్లబడింది.

వీధి క్లబ్బు కార్యదర్శి నితాయ్‌దా (వీధి మొత్తానికీ అన్న, అందుకే ఆ ‘దా’) పిలవకుండానే వచ్చారు. తడి ఫోను ఉపసంఘం అక్కడికక్కడే ఏర్పడింది. సభ్యత్వానికి అర్హత, ఫోను నీళ్లలో పడి బాగుపడిన బంధువు ఒకరు ఉండటం. నితాయ్‌దాకు బావమరిది ఉన్నాడు.

"బియ్యంలో పెట్టాలి దాదా," అన్నాడు ఎదురింటి పల్టూ.

"ఏ బియ్యం? వీళ్లింట్లో ఉన్నది గోవిందభోగ్. అది పాయసానికయ్యా, ఫోనుకా? మరమరాల్లో పెట్టు. వానాకాలం డబ్బా మూత తీస్తే ఎంతసేపట్లో మెత్తబడతాయి?" అన్నారు నితాయ్‌దా.

"చూస్తుండగానే."

"మరి? అంత తేమ పీల్చేది ఇంకేముందోయ్?"

తీర్మానం ఏకగ్రీవం. సుచరిత ఏదో అనబోయింది. గొంతుకు విశ్రాంతి ఇవ్వాలని ఉపసంఘం ఆమెను కోరింది.

మధ్యాహ్నం కునుకు తర్వాత సమీక్షా సమావేశం జరిగింది. సమావేశమంటే టీ, టీ అంటే పక్కన మరమరాలు. డబ్బాను పళ్లెంలోకి ఎవరు గుమ్మరించారో, ఆవనూనె ఎవరు పోశారో విచారణలో తేలలేదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగింది మాత్రం నేను. కలుపుతున్న పల్టూ చేతికి ఏదో తగిలింది.

"కొబ్బరి ముక్క ఇంత పెద్దది వేశారేంటి?"

"ఫోను," అన్నాను.

నితాయ్‌దా గుప్పెడు నోట్లో వేసుకుని నమిలి, "ఇంకా కరకరలాడుతూనే ఉన్నాయి," అని ధ్రువీకరించారు. (అంటే అవి తేమ పీల్చలేదన్న సంగతి సమావేశం దృష్టికి రాలేదు.)

సుచరిత ఫోను లాక్కుని చీర చెంగుతో తుడిచి ఆన్ చేసింది. వెలిగింది. ఉపసంఘం చప్పట్లు కొట్టింది. ఘనత ఆవనూనెదేనని పల్టూ అభిప్రాయపడ్డాడు.

"ఇంకా చీకటి పడలేదు. పంపే ముందు పాట వినిపించండి వదినా!" అన్నాడు.

వినిపించింది. రికార్డు చేసింది నేనే. పల్లవికి ముందు నా గొంతు: "ఆఁ, కానీ." పల్లవి మీద: "కొంచెం గట్టిగా." చరణంలో దగ్గు, అదీ నాదే. ఆ తర్వాత: "ఇటు తిరుగు, మొహం మీద వెలుతురు చాలడం లేదు." (రేడియో పోటీకి.)

పాట ముగిసింది. సుచరిత ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"చేపల్లోంచి దీన్ని ఎవరు తీయమన్నారు?" అంది.