ఇంట్లో తినట్లేదు

శుక్రవారం పొద్దున్నే క్లెయిముల గుమస్తా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదిన్నరకి పిల్లిని బుట్టలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పదిన్నరకల్లా దాన్ని తెచ్చి ఇంట్లో దింపాలి. పదకొండింటికి ఇన్సూరెన్సు ఆఫీసులో మేనేజరు ఎదుట కూర్చుని, హెడ్ గుమస్తా పోస్టుకి ఇంటర్వ్యూ ఇవ్వాలి. చిక్కల్లా ఒక్కటే. ఇంటర్వ్యూ రోజున ఆలస్యంగా వస్తానంటే, కుటుంబంలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తప్ప మేనేజరు ఒప్పుకోడు. ఆ ఆఫీసులో పిల్లిని కుటుంబం కింద రాసుకునే ఫారం ఇంకా అచ్చు వెయ్యలేదు.

పోనీ ఏదో ఒకటి కల్పించి చెబుదామా అంటే ఆయన అబద్ధమాడడు. ఈ సంగతి ఆయనే నలుగురికీ చెబుతూ ఉంటాడు కాబట్టి అందరికీ తెలుసు. ఆఫీసులో ఆయన పేరు అక్షరసత్యం. అయితే అబద్ధమాడకుండా నిజాన్ని దాచే విద్య ఒకటుంది. క్లెయిములు చూసేవాళ్ళకి అది వెన్నతో పెట్టిన విద్య.

పిల్లి పేరు దొరసాని. ఆయన తల్లి పెంచిన పిల్లి. ఏడాది కిందట ఆవిడ పోతూ పోతూ "దీన్ని చూసుకోరా" అని కొడుక్కి అప్పజెప్పింది. ఆయన చూసుకుంటున్నాడు. చూడటం ఆయన వంతు, అన్నం పెట్టడం, అది పాడుచేసిన చోట కడగడం భార్య వంతు. అలాంటి దొరసాని మంగళవారం నుంచి గిన్నె వాసన చూసి మొహం తిప్పుకుంటోంది. పాలు పెట్టాడు. చేప తెచ్చి ముళ్ళు తీసి పెట్టాడు. డబ్బాలో అమ్మే పిల్లి తిండి కొనుక్కొచ్చి, రుచి చూద్దామని తనే కొంచెం నాలిక మీద వేసుకుని, బాగానే ఉందని దానికి చెప్పాడు కూడా. అది వినలేదు. గురువారం దాన్ని ఒళ్ళో పెట్టుకున్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, వేళాకోళం కాదు.

మంగళవారం ఆ ఇంట్లో ఇంకొకటి కూడా జరిగింది. ఆయన దాన్ని జరిగినట్టు లెక్కలో వేసుకోలేదు. భార్య ఒకప్పుడు రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. ఆవిడ సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడ్చేవారు కాదట. అత్తగారు మంచాన పడ్డప్పుడు "అమ్మ లేచేదాకా మానెయ్" అన్నాడాయన. అత్తగారు ఐదేళ్ళు లేవలేదు, ఆ తర్వాత పోయింది. మంగళవారం ల్యాబు డాక్టరమ్మ మళ్ళీ రమ్మని ఫోన్ చేసింది. భార్య మేడ మీద బట్టలు ఆరేస్తోందని ఆయనే ఫోనెత్తి, "ఆవిడ ఇప్పుడు చెయ్యదండీ" అని పెట్టేశాడు. భార్య తర్వాత చూసుకుని తిరిగి ఫోన్ చేస్తే, "మీవారు వద్దన్నారుగా. సరే, శుక్రవారం పన్నెండింటి దాకా ఆగుతాను. ఆయనతో మాట్లాడి చెప్పండి" అంది డాక్టరమ్మ. భార్య మాట్లాడింది.

"మనకిప్పుడేం తక్కువైంది? ఆ రక్తాలూ ఆ సీసాలూ నీకెందుకు? అవునూ, నా మేజోళ్ళెక్కడ పెట్టావ్?" అన్నాడాయన.

ఆవిడ మేజోళ్ళు తెచ్చి ఇచ్చింది. అప్పట్నుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. ఆయనకి హాయిగానే ఉంది.

శుక్రవారం ఎనిమిదింటికి మేనేజరుకి ఫోన్ చేశాడు.

"సార్, కొంచెం ఆలస్యమవుతుంది. మా ఇంట్లో మూడు రోజుల నుంచి తినట్లేదు."

మన భాషలో ఇదొక సుఖం. కర్త లేకుండా వాక్యం నడిచిపోతుంది. ఎవరు తినట్లేదో చెప్పనక్కర్లేదు. పైగా మగాడు "మా ఇంట్లో" అన్నాడంటే అది ఎవరో ఎవరూ అడగరు. ఆయన పిల్లి ఉండే చోటు చెప్పాడు. మేనేజరు భార్య అని విన్నాడు.

"అయ్యో, ఎందుకనీ?"

"అలక అనుకుంటా సార్. నన్ను చూస్తే చాలు, గోడవైపు తిరిగి కూర్చుంటోంది."

"మీరేమైనా అన్నారా?"

"నేనేమంటాను సార్, ముద్దు చేస్తూనే ఉన్నాను. నిన్న మాత్రం ఇక లాభం లేదని మెడ పట్టుకుని రెండు చెంచాలు నోట్లో కుక్కాను. నా చొక్కా మీద ఊసేసి, చెయ్యి రక్కేసింది."

మేనేజరు ఇద్దరు ఆడపిల్లల తండ్రి.

"కుక్కారా?"

"ఏం చెయ్యమంటారు సార్, ప్రాణం పోతే? ఇప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. మళ్ళీ మంచం కింద దూరితే దొరకదని పొద్దున్నే బాత్రూములో పెట్టి బయట గడియేశాను. అందులోంచి ఒకటే అరుపులు."

"మీరు ఇంట్లోనే ఉండండి. ఆఫీసుకి రావద్దు. అర్థమైందా? రావద్దు."

ఇంత మంచి మేనేజరు ఎక్కడైనా ఉంటాడా అని పొంగిపోయి, ఆయన పిల్లిని బుట్టలోకి దించి, మూత మీద తువ్వాలు కట్టి బయల్దేరాడు. ఉండమన్నది డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక అనుకున్నాడు.

మేనేజరు ఆఫీసుకి రాగానే క్యాషియరు మేడమ్‌ని పిలిచాడు. ఆవిడ ఆఫీసు మొత్తానికి పెద్దక్క. ఎవరి ఇంట్లో ఏం జరిగినా ఆవిడకి చెప్పకపోతే జరిగినట్టు కాదు. అంతా విని ఆవిడ కుర్చీలో కూలబడి, "నోట్లో నాలుక లేని మనిషి అనుకున్నానండీ. అలాంటివాళ్ళనే నమ్మకూడదు" అంది. ఫైలు తీయించి, అత్యవసరానికి ఎవరికి ఫోన్ చెయ్యాలో చూసింది. భార్య అన్నగారి నంబరుంది. ఆయన డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఆవిడ ఫోన్లో సంగతి మెల్లగా చెబుదామనే మొదలుపెట్టింది గానీ, రెండో వాక్యానికే "మీ చెల్లెల్ని బాత్రూములో పెట్టి గడియేశాడట" అని వచ్చేసింది. అవతల బ్రేకు పడిన చప్పుడు వినిపించింది.

పదింటికి ముగ్గురూ ఒకేసారి గుమ్మంలో ఉన్నారు. తలుపు తీసిన భార్య వాళ్ళని చూసి, గోడ పట్టుకుని పక్కకి తప్పుకుంది. మనిషి వాడిపోయి ఉంది. అన్నగారు చెల్లెల్ని పలకరించకుండా తిన్నగా బాత్రూము దగ్గరికి వెళ్ళి తలుపు తెరిచాడు. తలుపు లోపలివైపు కింద నుంచి అడుగెత్తు వరకు గోళ్ళతో గీకిన చారలున్నాయి.

"ఇదేంటమ్మా?" అన్నాడు.

"దొరసాని గీకింది అన్నయ్యా."

క్యాషియరు మేడమ్ మేనేజరు చెవిలో, "చూశారా, పిల్లి మీదికి తోసేస్తోంది. ఇంత జరిగినా మొగుణ్ణి వెనకేసుకొస్తోంది పిచ్చిది" అంది. ఆ తర్వాత ఆవిణ్ణి కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని అడిగింది.

"తిన్నావామ్మా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఎన్నాళ్ళయింది?"

"మంగళవారం నుంచి. టీ తాగుతున్నాను."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. విన్నదంతా అక్షరాలా నిజమని తేలిపోయింది. "మీకెలా తెలిసింది?" అంది ఆవిడ.

"మీవారే చెప్పారమ్మా ఫోన్లో, ఇంట్లో మూడు రోజుల నుంచి తినట్లేదని. దానికోసమే ఆలస్యంగా వస్తానన్నారు" అన్నాడు మేనేజరు.

"ఆయనే చెప్పారా?"

"ఆయన నోటితోనే."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. భయంతో అనుకున్నారు వాళ్ళు. భయం కాదు. మూడు రోజులుగా ఆ ఇంట్లో ఆవిడ కంచం కడగాల్సిన పని పడలేదు. వడ్డించి పక్కన నిలబడితే, తిని చెయ్యి కడుక్కుని లేచిపోయాడే గానీ, నువ్వు తిన్నావా అని అడగలేదు. ఈయన రాయి అనుకుంది. అలాంటిది చూస్తూనే ఉన్నాడన్నమాట. మొహం మీద అడగలేక ఆఫీసులో చెప్పుకున్నాడన్నమాట. అన్నాళ్ళుగా కాచుకుని కూచున్న ఇంటర్వ్యూ రోజున ఆలస్యంగా వెళ్ళడానికి కూడా సిద్ధపడ్డాడు. ఖాళీ కడుపు మీద టీ కంటే ఆశ తొందరగా ఎక్కుతుంది. పిల్లి కూడా తినట్లేదన్న సంగతి ఆవిడకి తట్టనే లేదు. ఆవిడకి సంతోషంగా ఉంది, పట్టలేనంత సంతోషం.

"అసలెందుకు మానేశావమ్మా?" అంది క్యాషియరు మేడమ్. ఆవిడ ల్యాబు సంగతి చెప్పింది.

"ఆ మాత్రం దానికి పస్తులుంటారా ఎవరైనా? నాకు చెబితే బావగారితో మాట్లాడేవాణ్ణి కదా" అన్నాడు అన్నగారు.

"బుధవారం ఫోన్ చేసి చెప్పాను అన్నయ్యా. సర్దుకుపోమన్నావు."

అన్నగారు తలుపు గీతల వైపు చూడసాగాడు.

ఆవిడ లేచి మొహం కడుక్కుని వచ్చింది. "ఇంక వెళ్ళనులెండి. డాక్టరమ్మకి రానని చెప్పేస్తాను. ఆవిడా ఎంతసేపని చూస్తుంది. పట్టించుకునే మనిషి ఒకడుంటే చాలు, ఉద్యోగం దేనికి?" అని ఫోన్ తీసి నంబరు నొక్కింది. క్యాషియరు మేడమ్‌కి ఇదేమీ మింగుడుపడలేదు. గడియేసి, నోట్లో కుక్కితే పట్టించుకోవడమా అని ఆవిడ నోరు తెరవబోతుండగా గుమ్మంలో బుట్ట పట్టుకుని గుమస్తా కనిపించాడు.

మేనేజరుని చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. "సార్, మీరే వచ్చేశారా. ఇంటర్వ్యూ ఇక్కడేనా?"

అన్నగారు ఆయన కాలరు పట్టుకున్నాడు. బావని పట్టుకోవడం అదే మొదటిసారి కాబట్టి ఎంత గట్టిగా పట్టుకోవాలో తెలియలేదు. "ఎవర్ని పెట్టారు బావా బాత్రూములో? ఎవరి నోట్లో కుక్కారు?"

"దొరసానిని" అన్నాడాయన, ఊపిరి అందక.

తువ్వాలు ముడి వదులైంది. పిల్లి తల బయటపెట్టి అందరినీ ఒకసారి చూసి, మళ్ళీ లోపలికి లాక్కుంది. అన్నగారి చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

"మీరు పొద్దున ఫోన్లో చెప్పింది..." అన్నాడు మేనేజరు.

"దీని గురించే సార్. ఒక్క ముక్క అబద్ధం ఉంటే చెప్పండి."

"మా ఇంట్లో అన్నారు."

"ఇంట్లోనే కదా సార్ ఉంటుంది."

అక్కడితో ఆగినా కొంత దక్కేది. కానీ ఆయనకి డాక్టరు మీద మండిపోతోంది. ఎదురుగా నలుగురు దొరికారు కదా అని బుట్ట బల్ల మీద పెట్టి మొదలుపెట్టాడు. "గంటన్నర కూర్చోబెట్టి ఏం చెప్పాడో తెలుసా సార్? దీనికి జబ్బేం లేదట. దీనికి రోజూ పెట్టే మనిషి పక్కన కూర్చుని తింటేనే ఇది తింటుందట. ముందు మీ ఇంట్లో మనిషెవరైనా తినడం మానేశారేమో చూసుకోండి అంటాడు. పిల్లిని తీసుకెళ్తే మనుషుల సంగతి అడుగుతాడేంటి సార్, మతిలేని డాక్టరు కాకపోతే?"

అందరూ నేల చూశారు. ఆయనొక్కడే, నేనేం తప్పన్నాను అన్నట్టు, మొహాలు వెతుక్కుంటున్నాడు. భార్య చేతిలో ఫోన్ "హలో, హలో" అంటోంది.

ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది.

"నేనేనండీ. సోమవారం నుంచి వస్తాను... ఏడింటికా, వస్తాను... మావారా? లేదండీ, ఆయన్ని అడగలేదు."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళింది. పొద్దున వండిన అన్నం కంచంలో వేసుకుని వచ్చి, అందరి ముందే నేల మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. నాలుగు ముద్దలయ్యేసరికి దొరసాని బుట్టలోంచి దూకి, ఒళ్ళు విరుచుకుని, ఆవిడ పక్కన ఉన్న తన గిన్నెలో మూతి పెట్టింది. ఆయన ముళ్ళు తీసి పెట్టిన చేపే అది.

"తింటోంది, తింటోంది" అన్నాడు గుమస్తా, ఆనందం ఆపుకోలేక.

మేనేజరు లేచి చెప్పులు వేసుకున్నాడు.

"సార్, మరి ఇంటర్వ్యూ?"

"అయిపోయిందండీ" అన్నాడు మేనేజరు.

సోమవారం పొద్దున్నే భార్య తనకొక కంచం పెట్టుకుని, పిల్లికి గిన్నె పెట్టి, ఇద్దరూ తిన్నాక ఆరున్నరకే తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. ఆయన వంతు అన్నం బల్ల మీద మూతపెట్టి ఉంది. హెడ్ గుమస్తా పోస్టు పోయింది, మేజోళ్ళు తనే వెతుక్కోవాలి, అన్నిటికీ కలిపి ఆయనకి చచ్చేంత అలక వచ్చింది. మూత తియ్యకుండానే ఆఫీసుకి వెళ్ళాడు. మంగళవారం కూడా తియ్యలేదు, బుధవారం కూడా తియ్యలేదు. మూడు రోజులు ఆయన ఇంట్లో మెతుకు ముట్టలేదన్న సంగతి పిల్లి కూడా గమనించలేదు.