సూపరింటెండెంటు గారి చిగుళ్ళూ కార్యాలయ మర్యాదా

ఆ కార్యాలయ చరిత్రలో సూపరింటెండెంటు గారికి దక్కినంత గౌరవం మరే అధికారికీ దక్కలేదు. ఆయన గదిలోకి వచ్చిన గుమాస్తాలు బల్లకు బారెడు దూరంలోనే ఆగిపోయేవారు. ఆయన మాట్లాడినంతసేపూ చేతిలోని ఫైలును ముక్కు దాకా ఎత్తి పట్టుకునేవారు. అది తన హోదా మహిమేనని ఆయన లోలోపల మురిసిపోయేవారు. ఇక రోజూ పొద్దున్నే బ్రష్షుకు అంటుకునే రక్తమంటారా, ఉద్యోగం కోసం అంత చెమటోడ్చిన మనిషికి ఆ కాస్త రక్తం ఒక లెక్కా?

ఆయన దిగులల్లా కళ్ళ గురించే. శుక్లాలు ముదిరి, తన సంతకం తనకే అలికేసినట్టు కనబడుతోంది. షుగరు దిగితే తప్ప ఆపరేషన్ చేయనని కంటి డాక్టరు భీష్మించుకున్నాడు. మాత్రలు పెంచారు, ఇన్సులిన్ మొదలుపెట్టారు. షుగరు మాత్రం దిగిరాలేదు.

దాంతో ఇంట్లో దర్యాప్తు మొదలైంది. ముద్దాయి భార్యే.

"నిజం చెప్పు వదినా, అన్నయ్యకి చాటుగా ఏం పెడుతున్నావు?" అని ఆడపడుచు పనిగట్టుకుని వచ్చి నిలదీసింది. చక్కెర డబ్బాకు తాళం పడింది. టీ మానమని ఒకరు, నడవమని ఒకరు, అసలు మందులే మానమని మరొకరు కార్యాలయంలో ఉచిత సలహాలు కుమ్మరించారు. ఆయన నోటి వాసన సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. కొత్తగా చేరిన టైపిస్టు ఒకామె మర్యాద తెలియక, "ఒకసారి పళ్ళ డాక్టరుకి చూపించుకోండి సార్" అంది. మర్నాటికల్లా ఆమెను పాత రికార్డుల గదికి మార్చి పరిపాలన చక్కదిద్దారు.

అంతలో కార్యాలయంలో ఆరోగ్య సదస్సు పెట్టారు. అధ్యక్షులు ఆయనే.

"శరీరం ఒక కార్యాలయం. ప్రతి అవయవమూ తన సీటులో కూర్చుని పనిచేయాలి" అని ఆయన ఉద్ఘాటిస్తుండగా ముందుపన్ను సీటు ఖాళీ చేసి మైకు పక్కన పడింది. సభికులు చప్పట్లు ఆపలేదు.

"చిగుళ్ళ నిండా చీము పట్టిందండీ" అన్నాడు పళ్ళ డాక్టరు. "ఒంట్లో ఇంత ఇన్ఫెక్షన్ ఉంటే షుగరు ఎలా దిగుతుంది? షుగరు దిగకపోతే ఈ చిగుళ్ళు ఎలా మానతాయి? ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదా?"

ఇంటికి రాగానే ఆయన భార్యను అడిగారు. "నీక్కూడా తెలీలేదా?"

"తెలుసు. ఒకసారి చెప్పాను కూడా. వారం రోజులు నాతో మాట్లాడలేదు మీరు. అప్పట్నుంచి అటు తిరిగి పడుకుంటున్నాను."

ఆయనకు మొదటిసారి సిగ్గేసింది.

చిగుళ్ళకు వైద్యం జరిగింది. మందులూ పనిచేయడం మొదలుపెట్టాయి. కంటి డాక్టరు సరేననేంత వరకు షుగరు దిగింది. ఒక కంటికి చూపొచ్చింది. రెండో కంటి శుక్లం తీసి చూస్తే, కంటి వెనకుండే రెటీనా పొరను షుగరు అప్పటికే తినేసిందని తేలింది.

కార్యాలయమంతా పరామర్శకు తరలివచ్చింది.

"మేం ఎప్పట్నుంచో అనుకుంటూనే ఉన్నామండీ, మీ నోరు బాగాలేదని. చెబితే ఏం బాగుంటుందని ఊరుకున్నాం" అన్నాడు హెడ్ గుమాస్తా. అందరూ బరువుగా తలలూపారు.

పోయింది ఒక్క కన్నే. మర్యాద ఎవరిదీ పోలేదు. ఇది చదువుతున్న మీకూ ఈపాటికి తెలిసినవాళ్ళ నోళ్ళు ఒకటో రెండో గుర్తొచ్చే ఉంటాయి. వాళ్ళకు చెప్పరు లెండి, మీరూ మర్యాదస్తులే.