లీదియా టీలో మాత్ర

నవ్వితే నవ్వండి గానీ, పోర్ట్ బ్లెయిర్‌లోని మా బతు బస్తీలో నన్ను గడియ సత్యవేదం అంటారని మీకూ తెలుసు. మా అద్దె ఇంటికి ఉన్నది ఒకటే బాత్రూము. పొద్దున్నే ఫోను పట్టుకుని లోపల గడియ వేశానంటే ఆఫీసు టైముకు గానీ బయటికి రాను. పని అయ్యి కాదు, కాక.

"ఏవండీ, లోపలే కాపురం పెట్టేశారా?" అంటూ మా ఆవిడ లీదియా రోజూ తలుపు కొట్టేది.

"మలబద్ధకమే, సరదా అనుకున్నావా?"

"అవున్లెండి, మీ ఒక్కరికే కడుపుంది" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయేది. ఆ గొణుగుడేమిటని నేను ఒక్కనాడూ అడగలేదు.

ఆ మధ్య మా ఊళ్ళో ఒక ఆసుపత్రివాళ్ళు మలబద్ధకం మందు మీద పరిశోధన మొదలుపెట్టారు. చేరినవాళ్ళలో సగంమందికి అసలు మందు, సగంమందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరిది ఏదో ఇచ్చేవాళ్ళకీ తెలియదు, మింగేవాళ్ళకీ తెలియదు. నేనూ చేరాను. సైన్సుకి నా పొట్ట సమర్పించానని చర్చిలో అందరికీ చెప్పుకున్నాను.

ఎన్ని మింగినా చలనం లేదు. నాకు ఉత్తుత్తివే అంటగట్టారని అనుమానం పట్టుకుంది. తేల్చుకోవాలంటే ఏ జబ్బూ లేని మనిషి చేత మింగించి చూడాలి. మా ఇంట్లో అలాంటి మనిషి లీదియా.

మర్నాటి నుంచి తెల్లారేసరికి లేచి, నేనే టీ కాచి, మాత్ర పొడి చేసి ఆవిడ గ్లాసులో కలపడం మొదలుపెట్టాను. పెళ్ళయ్యాక నేను పొయ్యి వెలిగించడం అదే మొదలు.

"క్యా బాత్ హై! ఒంట్లో బాగానే ఉందా?" అంది లీదియా.

"ప్రేమ, లీదియా, ప్రేమ!"

"అయితే చక్కెర ఇంకాస్త వెయ్యండి."

కొన్నాళ్ళకు ఆవిడ ముఖం తేటపడింది. గిన్నెలు తోముతూ కీర్తనలు పాడుతోంది. మాత్ర అసలుదేనని మురిసిపోయాను.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ లీదియా లేచి నిలబడింది. "ఏళ్ళ తరబడి కడుపు కదలక నరకం చూశాను. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు. ప్రభువు కనికరించాడు. ఏ మందూ లేకుండానే బాగైంది" అంది. సంఘమంతా "హల్లెలూయ!" అంది.

నేను నోరు విప్పితే ఆవిడ సాక్ష్యం అబద్ధమైపోతుంది. విప్పకపోతే, ఇంకా పరీక్షలో ఉన్న మందది, ఆవిడకేమైనా అయితే? అంతకన్నా, పక్కన పడుకునే మనిషి ఇంత బాధ పడుతుంటే నాకు తెలియకపోవడం ఏమిటి?

మర్నాడే ఆవిడను వెంటబెట్టుకుని పరిశోధన చూసే డాక్టర్ ప్రమోద దగ్గరికి వెళ్ళాను. తుష్నాబాద్ నుంచి రోజూ స్కూటీ మీద వచ్చే మన తెలుగు పిల్లే. ఉన్నదంతా చెప్పేశాను.

"దిమాగ్ ఉందా అంకుల్? చెప్పకుండా మనిషికి మందు పట్టిస్తారా? ఆంటీకేమైనా అయ్యుంటే?" అని కేకలేసి, నన్ను పరిశోధనలోంచి తీసేసింది.

అప్పుడు లీదియా గొంతు సవరించుకుంది. "నేను తాగితే కదమ్మా! మొదటిరోజే గ్లాసు అడుగున తెల్లటి పొడి కనబడింది. చుప్‌చాప్ గ్లాసులు మార్చేశాను. రోజూ ఈయన మందు ఈయనే తాగారు."

"మరి మీకెలా తగ్గింది ఆంటీ?"

"నాకు వచ్చే టైముకి ఈయన లోపలుండేవారు. ఆపుకుని ఆపుకుని, ఇక రావడమే మానేసింది. ఇప్పుడీయన వంటింట్లో ఉంటున్నారు, బాత్రూము ఖాళీ. బస్, అంతే. గొడవ పెడితే టీ మానేసి మళ్ళీ లోపల దూరతారని ఊరుకున్నాను."

తిరిగొస్తూ ఆటోలో అన్నాను, "ఒక్కమాట చెప్పి ఉంటే బయటికి వచ్చేవాణ్ణి కదా, లీదియా."

"ఇన్నేళ్ళూ తలుపు కొట్టింది దేనికనుకున్నారు?"

ఇల్లు చేరేదాకా ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను.

ఇప్పటికీ పొద్దుటి టీ నాదే, బాత్రూములో మొదటి వంతు ఆవిడదే. నా కడుపు మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది. నిన్న ఎందుకో కాస్త కదిలినట్టయి, పరిగెత్తి తలుపు కొట్టాను. లోపల కీర్తన ఆగలేదు, ఇంకో చరణం ఉన్నట్టుంది. చల్లారిన టీ వేడిచేద్దామని వంటింట్లోకి వెళ్ళాను.