కళ్ళజోడు లేని సరసం

ఆ ఉదయం ప్రూఫ్ రీడరు గారు వేసుకున్న పథకం చాలా సాదాది. తన కళ్ళజోడు మీద తానే కూర్చుని దాని కాలు విరగ్గొట్టారు కాబట్టి, ఆఫీసుకు పోయే దారిలో భార్య పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో ఇచ్చి బాగుచేయించుకోవాలి. అది లేకపోతే ఆయనకు మనిషికీ బట్టల స్టాండుకీ తేడా తెలియదు. చెవులు మాత్రం భేషుగ్గా పనిచేస్తాయి.

దుకాణం తలుపు తోయగానే భార్య గొంతు వినిపించింది.

"ఈ ఫ్రేము మీ ముఖానికి ఎంత నప్పిందో! మీరు నవ్వితే ఇంకా బాగుంది."

"నిజంగానా?" అని మురిసిపోయింది ఎదురుగా ఉన్న ఒక పొడుగాటి మసక, మగ గొంతుతో.

ఆయనకు ఒళ్ళు భగ్గుమంది. ఆఫీసులో నిన్ననే నిఘంటువు ప్రూఫులు దిద్దుతూ 'సరసం' దగ్గర ఆగారు. వేళాకోళం, చనువు, శృంగారపు మాట, ధర విషయంలో అందుబాటు అని నాలుగు అర్థాలున్నాయి. దుకాణం బోర్డు మీద 'సరసమైన ధరలు' అని చదివినప్పుడల్లా నాలుగో అర్థమే అనుకున్నారు పాపం. లోపల మిగతా మూడూ నడుస్తున్నాయన్నమాట! పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ముఖం గురించి ఆవిడ అన్నది ఒక్కటే: "మూతికి టూత్‌పేస్టు అంటింది, తుడుచుకోండి."

సరే, తనకు మాత్రం చేతకాదా? దుకాణంలో భార్యతోపాటు పనిచేసే అమ్మాయి ఎప్పుడూ నీలం చీరే కడుతుంది. మూల సోఫాలో నీలంగా ఏదో కనిపించింది. ఆయన వెళ్ళి పక్కనే కూర్చుని, గొంతు బరువుగా మార్చి, భార్యకు వినపడేలా అన్నారు.

"ఇంత చక్కటి కళ్ళని అద్దాల వెనక దాచుకోవడం అన్యాయమండీ."

నీలం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. ఆయన రెచ్చిపోయారు.

"ఆ సిగ్గు ఉంది చూశారూ, అది ఇంకా అందం!"

"ఏమండీ!" భార్య పరుగున వచ్చింది. "మా అమ్మతో ఏంటా మాటలు?"

"అయ్యో, అల్లుడుగారా!" అన్నారు అత్తగారు. ఆవిడ కళ్ళజోడు కూడా మరమ్మతు బల్ల మీదే ఉంది. "గొంతు కొత్తగా ఉంటే ఎవరో అనుకున్నాను."

ఆయనకు ముచ్చెమటలు పోశాయి. "మరి నువ్వు? వాడెవడితోనో నవ్వూ, ముఖమూ అంటూ..."

"ఖాళీ ఫ్రేము పెట్టుకుంటే ఆయనకి అద్దంలో తన ముఖం తనకే కనపడదు. ఎలా ఉందో నేనే చెప్పాలి. అది నా ఉద్యోగం. మా అమ్మ కళ్ళు చక్కగా ఉన్నాయా? నా కళ్ళ గురించి ఇన్నేళ్ళలో ఒక్క మాటన్నారా?"

అనలేదు. అవతలివాడి మీద మండిన మంటంతా సిగ్గుగా మారింది. ఆయన లేచి, ఆవిడ ముఖం స్పష్టంగా కనపడేదాకా దగ్గరికి వెళ్ళారు. కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"బాగున్నాయి," అన్నారు, ఈసారి సొంత గొంతుతోనే. "మరి నా ముఖం?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఒక ఫ్రేము తీసి ఆయన ముక్కు మీద పెట్టి, చాలాసేపు చూసింది.

"ఫరవాలేదు."

"అంతేనా? వాడికి అన్ని చెప్పావు!"

"వాళ్ళకి అమ్మాలండీ. మిమ్మల్ని నేనెప్పుడో తీసేసుకున్నాగా."

ఇంతకంటే సరసమైన మాట నిఘంటువులో లేదని ఆయన బాగుచేసిన కళ్ళజోడు పెట్టుకుని తృప్తిగా ఆఫీసుకు వెళ్ళారు.

అత్తగారు మాత్రం ఆనాటి నుంచి, అల్లుడుగారు వస్తున్నారంటే చాలు, కళ్ళజోడు తీసి పక్కన పెట్టేస్తున్నారు.