సర్దుబాటు నమూనా

కొరత మనిషికి తెలివి నేర్పుతుందని లోకంలో ఒక నమ్మకం ఉంది. కొరత తమది కానివారిలో ఆ నమ్మకం మరింత దృఢంగా ఉంటుంది. దాన్ని పరీక్షించే గౌరవం కలిదిండి దగ్గర, నాలుగు వైపులా చేపల చెరువులున్న ఒక ఊరికి దక్కింది. కనుచూపు మేరా నీరే. తాగడానికి మాత్రం ఒకే ఒక ఫిల్టరు ప్లాంటు. ఏలూరులోని ‘నీటిబాట’ అనే సామాజిక సంస్థ దాన్ని నెలకొల్పింది, మాణిక్యం నడుపుతోంది.

మాఘమాసంలో ఉప్పును ఆపే మెంబ్రేన్ పాడైంది. ప్లాంటు చెరువు నీటిని చెరువు నీటిగానే ఇవ్వసాగింది. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 1,840 చూపించింది. అయిదు వందలు దాటితే తాగరాదని సంస్థవారే గోడమీద రాయించి ఉన్నారు. మాణిక్యం అత్తగారు సూర్యకుమారికి కిడ్నీల జబ్బు. ఉప్పునీరు ముట్టవద్దని డాక్టరు ఆజ్ఞ. టిన్ను నీళ్ల ఆటో ఆ చెరువుగట్టు మీదికి రాదు.

మాణిక్యం సంస్థకు ఫోన్ చేసింది. వ్యవస్థాపకుడు గోపీనాథ్ వనరుల కొరతపై విచారం వెలిబుచ్చి, “ఈలోగా ఎలా చేస్తున్నారండీ?” అని అడిగాడు. పెద్దవారు అడగ్గానే కష్టం చెప్పుకోవడం మర్యాద కాదని ఆమె పెంపకం.

“పర్వాలేదండీ, సర్దుకుంటున్నాం. పాత చీరతో వడకట్టి, చిల్లగింజ అరగదీసి కలుపుతున్నామండీ. మట్టి అడుక్కి దిగిపోతోంది.”

“మట్టి దిగింది సరే, ఉప్పు కూడా మర్యాదగా లేచి వెళ్లిపోయిందా?” అంది పక్కనున్న అత్తగారు. “సర్దుకుంటున్నామని అందరి తరపునా చెప్పేశావుగా. ఆ మాట నా కిడ్నీలకి కూడా చెప్పు.”

వారం తిరక్కుండా చిల్లగింజ ‘సర్దుబాటు నమూనా’ అయింది. కెమెరా వచ్చింది. చీర మరీ కొత్తగా ఉందని వెలిసిపోయిన దాన్ని తెప్పించారు. వెనకే శిక్షణార్థులు వచ్చి, తణుకులో కొన్న సీసా నీళ్లు తాగుతూ నోట్సు రాసుకున్నారు. మెంబ్రేన్ కోసం మాణిక్యం పెట్టుకున్న మూడో అర్జీకి జవాబుగా ప్రశంసాపత్రం వచ్చింది.

తాడేపల్లిగూడెంలో సన్మానసభ జరిగింది. అధ్యక్షుడు అచ్యుతరావు గంభీరంగా సెలవిచ్చారు: “మెంబ్రేన్ ఉండి నీరిచ్చేవారు కోకొల్లలు. లేకుండా ఇచ్చిన మహిళ ఈమె! కొరతను మనం కాపాడుకుంటే, కొరత మనల్ని కాపాడుతుంది!” పిదప శాలువా కప్పి, “ఏం కావాలో కోరుకోమ్మా” అన్నారు.

మాణిక్యం జీవితంలో మొదటిసారి మర్యాద తప్పింది. “మెంబ్రేన్ కావాలండీ. మా అత్తయ్యగారు ఈ నీళ్లు తాగకూడదండీ.”

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ముందువరుసలోని దాత ఒకరు సరికొత్త మెంబ్రేన్ అప్పటికప్పుడు తెప్పించి, రిబ్బను కట్టి సంస్థకు అందజేశారు. బిగించే ఏర్పాట్లు చూస్తానని గోపీనాథ్ దాన్ని ఏలూరు పట్టుకెళ్లాడు. నాలుగో రోజున ఫోన్ చేశాడు.

“ఇది బిగించేస్తే మన నమూనా ఏమైపోతుందండీ? వచ్చే నెలలో మూడు రాష్ట్రాలవాళ్లు చూడ్డానికి వస్తున్నారు. మీరు సర్దుకోగలరు కదండీ?”

“సర్దుకోలేమండీ.”

“మీ వినయం మాకు తెలీదేంటండీ!” అని నవ్వి పెట్టేశాడు.

మెంబ్రేన్ ఏలూరు ఆఫీసులో అద్దాలపెట్టెలో ఉంది. కింద ‘ఇది లేకుండానే సాధించాం’ అని రాయించారు. మాణిక్యం రోజూ సాయంత్రం మీటరు నీటిలో ముంచి, అంకె పుస్తకంలో రాస్తోంది: 1,840. సూర్యకుమారి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు ఏలూరు వెళ్లి వస్తోంది.