నూకరత్నం వర్గీకరణ

జంతుశాస్త్రం ప్రాక్టికల్స్‌లో విద్యార్థులు జంతువులను గుర్తుపట్టే పద్ధతి నిరుడే రద్దయింది. ఇప్పుడు సీసాల్లోని జంతువులే విద్యార్థులను చూసి ఎవరు ఏ వర్గమో రాస్తున్నాయి. కాలేజీలో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. సిలబస్ మారడం ఏమన్నా కొత్తా? పైగా చదివేది లేదు, బొమ్మలు గీసేది లేదు. స్టూలు మీద కదలకుండా కూర్చుంటే చాలు. పిల్లల ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

అనకాపల్లి నుంచి బస్సులో వచ్చే నూకరత్నానికి కార్డేటాలో పడాలని ఆశ. మనుషులూ ఆవులూ పిట్టలూ ఉండే పరువైన వర్గం అది. ఏ వర్గమో తేలనివాళ్లకు రెండో సంవత్సరంలో సీటివ్వరు. అందుకే ఆ పిల్ల తలకి నూనె రాసుకుని, నున్నగా దువ్వుకుని, సీనియర్ దగ్గర అరువు తెచ్చుకున్న తెల్లకోటు తొడుక్కుని వచ్చింది. కోటు జేబు మీద స్పిరిట్ దీపానికి కాలిన చిల్లుంది. అక్కడ అందరివీ అరువు కోట్లే కనక ఆ చిల్లును ఎవరూ పట్టించుకోలేదు.

సీసాలు పట్టించుకున్నాయి. ఇన్నేళ్లూ పిల్లలు వాటి మొహం చూసి జవాబు రాశారా ఏమన్నానా? మూత పగిలింది నత్త, లేబుల్ చిరిగింది వానపాము అని సీనియర్లు చెప్పింది బట్టీపట్టి రాసేశారు. సీసాలూ అదే నేర్చుకున్నాయి. నిరుడు ఈ చిల్లుకోటులో కూర్చున్నమ్మాయి ఎకైనోడర్మేటా, అంటే సముద్ర నక్షత్రాల వర్గం. గంట కొట్టగానే తేలు తన కొండితో అదే రాసింది. మిగతావి దాన్ని చూసి కాపీ కొట్టాయి.

జాబితా అంటించగానే నూకరత్నం పరీక్షకుడి దగ్గరికి పరిగెత్తింది.

"సార్, ఆ వర్గానికి తల ఉండదు కదండీ. నాకు తలుందండి."

ఆయన ఓపికున్న మనిషి. కళ్లజోడు సర్దుకుని అన్ని వైపుల నుంచీ చూశాడు.

"ఉన్నట్టే ఉందమ్మా. కానీ అన్ని సీసాలూ ఒకే మాట రాశాయి. అన్నీ తప్పు రాస్తాయా?"

"మరి ఇదేటండీ?" అంది రెండు చేతులతో తల పట్టుకుని.

"అదనపు పెరుగుదల అని రాస్తాను. మార్కులేమీ తగ్గవు. కాదు, కార్డేటాయే కావాలంటే వచ్చే ఏడు మళ్లీ కూర్చో."

ఏడాది పోతుందంటే నూకరత్నానికి బెంగ పట్టుకుంది. అప్పుడు కిటికీ పక్క సీసాలోంచి సముద్ర నక్షత్రం రెండు చేతులు ఊపింది. నిరుటి అమ్మాయి పైక్లాసుకి పోయాక బీరువాలో ఒంటరిగా ఉన్న దానికి మళ్లీ చుట్టం దొరికిందన్న సంబరం అంతా ఇంతా కాదు.

"బెంగెట్టుకోకే పిల్లా. మనవాళ్లకి చెయ్యి తెగినా మళ్లీ మొలుస్తాది. ఆ కార్డేటావోళ్లకి ఉందా ఆ భోగం?"

నూకరత్నానికి నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే జాబితాలో తన పేరు పక్కన సంతకం పెట్టేసింది.

ఇంట్లో తండ్రి సన్యాసిరావు, మండలాఫీసులో గుమస్తా, గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఏటొచ్చిందమ్మా?"

"ఎకైనోడర్మేటా నాన్నా. తలుండకూడదంట."

"పాసేనా?"

"ఫస్ట్ క్లాసు."

ఆయన మొహం వెలిగిపోయింది. మాడుగుల హల్వా పొట్లం విప్పి, వీధిలో వాళ్లందరినీ పిలిచాడు. మన పిల్ల ఎకైనోడర్మేటా అయిందని గర్వంగా చెప్పాడు. పక్కింటావిడ నూకరత్నాన్ని, ఐదు చేతుల జాతివి, ఇక నీకు ఇంటిపనికి చేతులు చాలవనే బాధే లేదని మెచ్చుకుంది. కూతురు తల తడుముకోవడం చూసి సన్యాసిరావు పక్కకి తీసుకెళ్లాడు.

"దాని గురించి దిగులెందుకే. నాకూ తలుండేదే. ఆఫీసులో చేరేక ఒక్కరోజు కూడా ఎవులూ అడగనేదు. మరింకేటి?"

నూకరత్నానికి నిజంగానే మనసు తేలికపడింది. హల్వా నోట్లో వేసుకుని సంతోషంగా తల ఊపింది. ఊపడానికి అది బాగానే పనికొచ్చింది.