రేపు చెప్తానన్న కారణం

మనిషికి జ్ఞాపకశక్తి దండగ! దాన్ని కంప్యూటర్‌కు అప్పగించి హాయిగా ఉండాలి. నమ్మరా? అయితే ముకుందన్‌ను చూడండి.

ముకుందన్ తట్టాంచావడిలో ఒక సబ్బుల ఫ్యాక్టరీకి ప్రోగ్రాములు రాస్తాడు. రాయడమంటే, అతను చెబుతుంటే ఏఐ అసిస్టెంట్ రాస్తుంది. మహా తెలివైనదే కానీ ఒట్టి మతిమరుపు. రోజూ పొద్దున్నే ఏ లేబుల్ ఎందుకో, ప్రోగ్రాంలో ఏ లైను ఎక్కడిదో మొదటి నుంచీ చెప్పుకురావాలి. ఎంత ప్రాణసంకటం!

పోయిన ఏడాది దానికి జ్ఞాపకం అమర్చారు. అన్న ప్రతి మాటా దాచుకుంటుంది, వెతికితే తీసిస్తుంది. ముకుందన్ నోట్సు రాయడం మానేశాడు. పక్క సీటు మోనిక ఏమడిగినా, "నన్నేంది అడిగేది? దాన్నడుగు" అనేవాడు. ఇంటికి తెమ్మని భార్య ప్రీతి చెప్పిన కొత్తిమీర సంగతీ దానికే చెప్పాడు. అది సాయంత్రం ఠంచనుగా గుర్తుచేసింది. కొత్తిమీర మాత్రం రాలేదనుకోండి.

ఇంత సుఖం మనలో ఎవరికుంది?

సోమవారం ఒక లారీ సబ్బులు తిరిగొచ్చాయి. కొత్త ప్రింటర్ పెట్టినప్పటి నుంచీ లేబుళ్ల మీద తేదీ ఒకరోజు వెనక్కి పడుతోంది. ప్రోగ్రాంలో చూస్తే, తేదీలో ఒకరోజు తగ్గించమని ఒక లైనుంది. ఎవరు పెట్టించారు? ముకుందనే! ఎందుకు? అదే అతనికి గుర్తులేదు.

"ఆ లైను తీసేస్తే ఇంకేం చెడతాదో చెప్పప్పా. చెప్పలేకుంటే రేపట్నించి పనికి రానక్కర్లే," అన్నాడు యజమాని వెంకటకృష్ణయ్య.

ముకుందన్ ధీమాగా నవ్వాడు. "దానికి అన్నీ తెలుసన్నా, చూడు!" అంటూ అందరి ముందూ అసిస్టెంట్ జ్ఞాపకంలో వెతికాడు.

క్షణంలో దొరికింది. గంటా నిమిషంతో సహా, ముకుందన్ స్వయంగా అన్న మాట: "ఎందుకని అడగబాకు. పని జరుగుతాంది గదా! కారణం రేపు చెప్తా."

కింద అసిస్టెంట్ వినయంగా ఒక ముక్క చేర్చింది: "మీరు రేపు చెబుతానని అని నాలుగు వందల పన్నెండు రోజులైంది. ఇప్పుడు చెబితే గుర్తుపెట్టుకుంటాను."

వెంకటకృష్ణయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చెప్పప్పా. అదీ వింటాంది, నేనూ వింటాండా."

ముకుందన్ మళ్లీ మొదటి నుంచీ వెతకడం మొదలుపెట్టాడు.

కాబట్టి, ఈ జ్ఞాపకాలు తయారుచేసే మహానుభావులారా, అతని తరఫున ఒక మనవి. ఆ పాత మతిమరుపు దాన్నే తిరిగి ఇప్పించండి. రోజూ దానికి చెప్పీ చెప్పీ, అప్పట్లో ముకుందన్‌కు అన్నీ గుర్తుండేవి. ఎప్పుడైనా తప్పినా, మరిచిపోయింది అదేనని చెప్పుకోవడానికి ఉండేది!